పలక ముందు తడి ఇసుక

కరోనా మూసివేతలు పోయి బడులు పూర్తిగా తెరుచుకున్న ఏడాది, జూన్‌లో, పని సర్దుబాటు కింద నన్ను నిజామాబాద్ పట్టణం నుంచి బోధన్ పక్క ఊళ్లోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు పంపారు. పని సర్దుబాటు అంటే బదిలీ కాదు. జీతం ఒక బడిలో, చెమట ఇంకో బడిలో. నా హోదా స్కూల్ అసిస్టెంట్, ఫిజికల్ ఎడ్యుకేషన్. వాడుకలో పీడీ. అంతకుముందు చాలా ఏళ్లు పీఈటీగా ఉండి పదోన్నతి మీద పీడీనయ్యాను. రెండింటికీ తేడా ఏమిటని బంధువులు అడిగేవారు. జీతంలో కొంత తేడా ఉంది, ఈల మాత్రం ఒకటేనని చెప్పేవాణ్ణి. పిల్లలకు లాంగ్ జంప్ నేర్పిన మనిషినే గాని, ఉద్యోగంలో నేను వేసినవన్నీ షార్ట్ జంపులే.

మా పని బయటివాళ్లకు ఆటలాగే కనిపిస్తుంది. నిజానికి నా కొలువంతా కొలతలే. పరుగుకు స్టాప్‌వాచీ, గుండు విసిరితే టేపు, ఎత్తు దూకితే కర్ర. నాకు దూకుడు తక్కువని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. నెలనెలా జీతం తెచ్చింది మాత్రం ఆ దూకుడు నేర్పే. ఇన్ని కొలతల మధ్య స్మార్ట్‌ఫోన్‌కు చోటుంటుందని నేను అనుకోలేదు. ఆన్‌లైన్ పాఠాల కాలంలో కొనక తప్పక ఒకటి కొన్నాను. స్మార్ట్ అంతా ఫోన్ దగ్గరే ఉండిపోయింది, నా దగ్గరికి ఏమీ రాలేదు. పొద్దున్నే గులాబీ పువ్వు బొమ్మతో శుభోదయం పంపించడమే నాకు తెలిసిన విద్య.

ఆ బడి మైదానం పెద్దది. ఒక పక్క వరి, ఒక పక్క చెరుకు. ఫ్యాక్టరీ మూతబడ్డాక చెరుకు తగ్గింది గాని పూర్తిగా పోలేదు. కోత కాలంలో చెరుకు లారీలు మా గేటు ముందునుంచే దూరపు ఫ్యాక్టరీలకు పోయేవి. తూర్పు మూలన, వంటగది రేకుల షెడ్డుకు ఎదురుగా, ఎప్పుడో తవ్విన లాంగ్ జంప్ పిట్ ఉండేది. దాన్ని బాగు చేయించి, ఇసుక పోయించి, కొత్త పలక వేయించాను. అక్కడే ఎస్తేరును చూశాను.

ఎస్తేరు ఎనిమిదో తరగతి. సన్నగా పొడుగ్గా ఉండేది. తల్లి మరియమ్మ మా బడిలోనే మధ్యాహ్న భోజనం వండేది, సెలవుల్లో నాట్లకూ కలుపుకూ పోయేది. తండ్రి చెరుకు లారీ మీద క్లీనరు, ఇంట్లో ఉండేది తక్కువ. ఆదివారం చర్చిలో పాడే పిల్ల, మిగతా ఆరు రోజులూ ఎగిరే పిల్ల. నేను వెళ్లిన వారంలోనే ఆ పిల్ల పరుగెత్తుకొచ్చి దూకితే చేతిలో టేపు మరిచిపోయి చూశాను. గాల్లో నిలబడ్డట్టు ఉండేది.

ఇక్కడ ఆట నియమం కొంచెం చెప్పాలి. లాంగ్ జంప్‌లో పరుగెత్తే దారి చివర, నేలకు సమానంగా, జానెడు వెడల్పున తెల్ల రంగు వేసిన చెక్క పలక ఉంటుంది. దూకే కాలు దాని మీద పడాలి. దాని ముందు అంచు దాటి కాలు వేస్తే ఫౌల్, ఎర్రజెండా. ఆ దూకు లెక్కలోకి రాదు. పలకకు వెనకనుంచి దూకితే తప్పు కాదు, తెల్లజెండానే. కాని టేపు మాత్రం ఎప్పుడూ పలక ముందు అంచు నుంచే మొదలవుతుంది. వెనక వదిలేసిన నేల దూకినవాళ్లకు దండగ. దండించేవాడు ఎవడూ ఉండడు, దండగ మాత్రం ఉంటుంది.

ఆ ఏడు చెరుకు కోతలు ముగిసే వేళకు జిల్లా కేంద్రంలో క్రీడా వసతి పాఠశాల ఎంపికలు ఉంటాయని సర్క్యులర్ వచ్చింది. అందులో సీటు వస్తే చదువు, తిండి, మంచి మైదానం, సరైన కోచ్, అన్నీ అక్కడే. ఎస్తేరు వయసు పిల్లలకు లాంగ్ జంప్ అర్హత నాలుగున్నర మీటర్లు. మరుసటి ఏడాదికి ఎస్తేరు వయసు హద్దు దాటిపోతుంది. అంటే ఒక్క అవకాశమే.

నేను ఈ మాట మరియమ్మకు చెప్పడానికి షెడ్డు దగ్గరికి వెళ్లాను. ఆమె పప్పు కలుపుతూనే విన్నది.

"సారూ, ఇగ గిదే సెప్తున్న," అంది. "సీటు వచ్చిందా, కండ్లకద్దుకోని తోలిస్త. రాలేదా, గీ దుంకుడు బంద్. పొద్దుందాక ఎండల దుంకి దుంకి పోరి నల్లగ బొగ్గయ్యింది. ఉట్టి సప్పట్లు కొట్టించుకునేటందుకు గింత కష్టమెందుకు?"

ఆమె మాటలో అన్యాయమేమీ లేదు. నేను సరేనన్నాను. అనేసి, మైదానానికి తిరిగొచ్చి టేపు పట్టాను. ఎస్తేరు దూకింది. అర్హతకు జానెడు తక్కువ. మరునాడు దూకింది. జానెడు తక్కువ. వర్షాకాలం పోయింది, దసరా సెలవులు పోయాయి, జానెడు మాత్రం పోలేదు. కాళ్లకు బలం రావాలని మెట్లెక్కించాను, ఒంటికాలి మీద కుంటించాను, బరువు మోయించాను. గాల్లో ఉండే తీరు చూస్తే నాలుగున్నర దాటిందనే అనిపించేది. టేపు పెడితే దాటేది కాదు. నా కళ్లకూ నా టేపుకూ పడక, మధ్యలో నేను నలిగాను.

అన్నిటికంటే నన్ను తప్పుదారి పట్టించింది ఆ పిల్ల గర్వం.

"నాకు ఇప్పటిదాంక ఒక్క ఫౌల్ గూడ లేదు సార్," అనేది గొప్పగా. "తొమ్మిదో తరగతి అక్కోళ్లకు రోజు ఎర్రజెండనే."

నిజమే. ఆ పిల్లకు ఎర్రజెండా ఊపిన గుర్తు నాకూ లేదు. అది గుణమని మెచ్చుకున్నాను కూడా.

మా బడిలో భౌతిక శాస్త్రం చెప్పే ఫర్హానా మేడం ఉండేవారు. బోధన్ పట్టణం నుంచి స్కూటీ మీద వచ్చేవారు. వయసులో నా బిడ్డంత. ఒక సాయంత్రం నేను టేపు చుట్టుకుంటూ గొణుక్కోవడం విని ఆగారు.

"సార్, మీరు దునియా అంతా కొలుస్తరు గాని కాలు ఎక్కడ వడుతుందో కొల్చిండ్రా?"

"పలక మీద పడుతుందమ్మా. నేను అక్కడే నిలబడి చూస్తాను గదా."

"మీ కండ్లతో చూస్తరు. ఆ పిల్ల కాలు భూమ్మీద ఉండేది రెప్పపాటంత గూడ కాదు. ఫోన్ తీయండి జర."

తీశాను. అందులో స్లో మోషన్ అనే సదుపాయం ఉందని అప్పుడే తెలిసింది. నా వయసు నాకు అది ముందే ఉచితంగా ఇచ్చిందిగాని, ఫోన్‌లోది వేరు. ఒక్క క్షణాన్ని వందల బొమ్మలుగా తీసి, ఒక్కొక్కటే ఆపి చూసుకోనిస్తుంది.

తీయడంలో మొదట నేను పెళ్లి ఫోటోగ్రాఫర్ పద్ధతి అవలంబించాను. పిట్ మూలన నిలబడి, పిల్ల నా వైపు వస్తుండగా తీశాను. బొమ్మ అందంగా వచ్చింది, కొలతకు పనికిరాలేదు. మేడం నవ్వి పద్ధతి చెప్పారు. ఫోన్ పలక అంచుకు సరిగ్గా ఎదురుగా, పక్కనుంచి చూడాలి. ఏటవాలుగా చూస్తే వెనక పడ్డ కాలు ముందు పడ్డట్టూ, ముందు పడ్డది వెనకున్నట్టూ కనిపిస్తుంది. ఎత్తు మోకాలి వరకే ఉండాలి. చేత్తో పట్టుకోకూడదు, కదిలితే లెక్క పోతుంది. ఇటుకలు దొంతిగా పేర్చి, ఎస్తేరు జడ రబ్బరుబ్యాండుతో ఫోన్‌ను పై ఇటుకకు కట్టాం. పలక పక్కనే, కాలు పడే వరసలో, తెల్ల గీతలు పెట్టిన మీటరు కర్ర పడుకోబెట్టాం. తెర మీద ఆ కర్ర ఎంత కనిపిస్తుందో చూసి, ఆ లెక్కన కాలికీ పలకకూ మధ్య దూరం తేలుస్తారు. పటంలో స్కేలు ఉన్నట్టే.

ఎస్తేరు దూకింది. మేడం వేలితో ఒక్కొక్క బొమ్మ జరుపుతూ పోయి, బూటు కొన చివరిసారి నేలను తాకిన చోట ఆపారు.

కాలు పలక మీద లేదు. పలకకు వెనక, మట్టి మీద ఉంది. పలక ముందు అంచు నుంచి చూస్తే జానెడున్నర వెనక.

నేను ఇంకోసారి తీయించాను. మళ్లీ జానెడున్నర. పిల్ల నాలుగున్నర మీటర్లు ఎప్పుడో దూకేస్తోంది. మాకు కావలసిన జానెడు, పైన ఇంకో బెత్తెడు, రోజూ ఆ మట్టిలో వదిలేసి వస్తోంది. ఫౌల్ ఎందుకు కాలేదో కూడా అప్పుడు అర్థమైంది. అంత వెనకనుంచి దూకేవాళ్లకు ఎర్రజెండా ఎక్కడినుంచి వస్తుంది!

మందు సులువేననుకున్నాను. జంపర్లు పరుగు మొదలుపెట్టే చోట ఒక గుర్తు పెట్టుకుంటారు; దాన్ని చెక్ మార్క్ అంటాం. ఆ గుర్తును జానెడున్నర ముందుకు జరిపితే చివరి అడుగూ అంతే ముందుకు వస్తుంది. ఏ పుస్తకంలోనైనా ఉండే మందు. జరిపాను. దూకమన్నాను. ఫోన్ చూశాం. కాలు మళ్లీ అక్కడే పడింది. ఇంకా జరిపాను. అయినా అక్కడే. చివరి నాలుగడుగులు పొట్టిగా వేసి, వేగం చంపుకొని మరీ పాత చోటికే చేరుతోంది. ఎవరో గీత గీసి ఇది దాటొద్దన్నట్టు.

"ఎందుకట్ల ఆగుతున్నవు?" అని అడిగాను.

"ఆగుతలేను సార్. ఉర్కుతున్న."

ఆ పిల్లకు తాను ఆగుతున్నట్టే తెలియదు. అరిచాను, బతిమాలాను, పక్కన నిలబడి "పలక, పలక" అని పలికాను. పలక పలకలేదు, పిల్లా పలకలేదు. ఎంపికలు దగ్గరపడుతున్నాయి. షెడ్డులోంచి మరియమ్మ మా తంటాలు చూస్తుండేది. ఆ చూపుకే నాకు భయమేసేది.

ఫర్హానా మేడం మాత్రం వీడియోలు పోగు చేస్తూ వచ్చారు. ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూంలో నా ఎదుట కూర్చొని, "సార్, అన్ని రోజులు ఒక్క తీరు లేవు," అన్నారు. కొన్ని వీడియోల్లో జానెడున్నర ఎడం. కొన్నిటిలో మాత్రం కాలు పలక మీదే పడింది, అంచుకు నాలుగు వేళ్ల దూరంలో. అలాంటివి తక్కువే గాని, ఉన్నాయి. నేను టేపు తేని రోజులు కావడంతో నాకు తెలియలేదు.

"ఆ దినాలల్ల ఏం వేరే ఉండె?" అని అడిగారు.

నేను పెద్ద పరిశోధకుడిలా ఆలోచించాను. బూట్లా? రెండింటిలోనూ అవే బూట్లు. గాలా? చెరుకు ఆకులు ఒకే తీరుగా ఊగుతున్నాయి. తిండా? మరియమ్మ గుడ్డు వండిన రోజు బాగా దూకిందేమోనని కూడా అనుమానించి, భోజనాల పట్టిక తెప్పించబోయాను. మేడం తల పట్టుకున్నారు. తర్వాత రెండు వీడియోలు పక్కపక్కన పెట్టి, నోరు మూసుకొని బొమ్మ చూడమన్నారు. ఆ మాట మర్యాదగానే అన్నారు.

చూశాను. బాగా దూకిన రోజు పలక ముందు పట్టీ లేత రంగులో ఉంది. వెనకనుంచి దూకిన రోజు అది నల్లగా ఉంది.

ఆ పట్టీ నా పనే. కాలు అంచు దాటిందా లేదా తెలియడానికి పలక ముందు ఒక పట్టీలా మెత్తటి ఇసుక పరుస్తాం. దాటితే బూటు ముద్ర పడుతుంది, ఎర్రజెండా ఊపడానికి అదే సాక్ష్యం. పెద్ద పోటీల్లో మైనం లాంటిది వాడతారు, మా స్థాయిలో ఇసుకే. పొడి ఇసుక ముద్ర నిలపదు కాబట్టి తడపాలి. నేను పద్ధతి గల మనిషిని. పొద్దున్నే బడికి రాగానే నల్లా తిప్పి, బకెట్ నింపి, పట్టీని తడిపి, చెక్కముక్కతో చదును చేసేవాణ్ణి. నల్లా నీళ్లు రాని రోజు మానేవాణ్ణి; ముద్ర నిలవదు కాబట్టి ఆ రోజు టేపూ తెచ్చేవాణ్ణి కాదు. లేత రంగు రోజులన్నీ నల్లా రాని రోజులే.

ఎస్తేరును పిలిపించి, రెండు బొమ్మలూ చూపించి, నల్లగా ఉన్న పట్టీ మీద వేలు పెట్టి, ఉరుకుతున్నప్పుడు ఇది నీకు ఎట్ల కనపడుతదని అడిగాను. అరవలేదు, మామూలుగా అడిగాను. ఆ పిల్ల ఇందులో అడగడానికేముందన్నట్టు చూసింది.

"తడి ఒడ్డు గద సార్."

"ఏ ఒడ్డు?"

"కాల్వ ఒడ్డు. చెరుకుల నీళ్లు పెట్టినంక కాల్వ ఒడ్డు గిట్లనే నల్లగైతది. అంచు మీద కాలు పెడితె మట్టి కూలి కాల్వల వడ్తం. ఎనకనుంచే దుంకాలె. అవ్వ సిన్నప్పుడే సెప్పింది."

ఫర్హానా మేడమూ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఊరినుంచి బడికి వచ్చే దారిలో చెరుకు మళ్ల మధ్య మూడు పిల్లకాలువలున్నాయి. పక్కనున్న చిన్నబడిలో ఒకటో తరగతినుంచి ఆ పిల్ల వాటిని రానూ పోనూ దూకుతూనే ఉంది, వీపున సంచితో. నేను నేర్పకముందే ఎంత నేర్చుకుందో! మెదడుకు ఇది ఆట అని తెలుసు. కాలికి తెలియదు. నల్లటి తడి అంచు కనిపించగానే కాలు తన పాత చదువు ఒప్పజెబుతోంది. ఆ ఊరి పిల్లలు తప్ప ఇంకెవరూ చేయలేని తప్పు అది. మా శిక్షణా తరగతుల్లో దీనికి పేరే లేదు.

పట్టీ తడపడం మానేస్తే సరిపోతుంది కదా అని మీరు అనవచ్చు. నేనూ అనుకున్నాను, ఒక నిమిషం పాటు. కాని ఎంపికల్లో జడ్జీలు తడిపే తీరుతారు. నేను ఇక్కడ పొడిగా ఉంచితే అక్కడ పిల్ల మళ్లీ ఒడ్డునే చూస్తుంది. అందుకని ఎస్తేరు చేతనే పలకను పైకి తీయించాను. ఎలాగూ ఒక మూల వదులైంది. గడ్డపారతో చుట్టూ తవ్వి, చెక్కను లేపి, కింద సిమెంటు దిమ్మెను చూపించాను.

"ఇది కూలుతదా?"

దాని మీద ఎగిరి చూసింది. "కూలది."

మళ్లీ పలక దించి, సందుల్లో మట్టి కూరి, దిమ్మిసతో తనే గట్టిపరిచింది. తర్వాత నేను రెండు బకెట్లు తెచ్చి ముందు పట్టీని బురదలా తడిపాను. బూట్లు విప్పించి, పలక మీద నిలబెట్టి, వేళ్లు అంచుకు ఆనించి ఎగరమన్నాను. మొదట వేళ్లు ముడుచుకుంది. పక్కనున్న పిల్లలు కిసుక్కుమన్నారు. "నవ్వుతె నవ్వుండ్రి, మీకేం ఎర్క," అని వాళ్లను కసిరి, మళ్లీ ఎగిరింది. కాసేపటికి వేళ్లు సాగాయి.

షెడ్డులోంచి మరియమ్మ గరిటెతోనే వచ్చింది.

"ఏందిది సారూ? కాల్వ అంచున కాలు పెట్టద్దని నేను పదేండ్లు మొత్తుకుంటి. నువ్వేమొ పెట్టుమని కొట్లాడుతున్నవ్. దాని కాళ్లు ఎవ్వలి మాటినాలె?"

"ఇక్కడ నా మాట, కాలువ దగ్గర నీ మాట," అన్నాను.

"రెండు మాటలు రెండు కాళ్లకు సెప్పు మరి," అని నవ్వి వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ తనూ ఒక కాలు పలక మీద వేసి నొక్కి చూసింది.

ఆ తర్వాతి పని నెమ్మదిగా నడిచింది. ముందు నడుస్తూ, తర్వాత కుంటుతూ, తర్వాత ఐదడుగుల పరుగుతో, చివరికి పూర్తి పరుగుతో. ప్రతి రోజూ ఫోన్ ఇటుకల మీదే. జానెడున్నర జానెడైంది, జానెడు బెత్తెడైంది. ఒక రోజు తడి ఇసుకలో బూటు ముద్ర పడింది. ఎస్తేరు జీవితంలో మొదటి ఫౌల్. నేను ఎర్రజెండా ఊపి, ఈల కూడా వేశాను సంతోషంతో. ఆ పిల్ల మాత్రం పిట్ అంచున కూర్చొని ఏడ్చింది.

"నా పేరు కరాబైంది సార్."

అంచు దాకా రాని వాళ్లకు అంచు దాటే యోగం ఉండదని నచ్చజెప్పడానికి ఆ సాయంత్రమంతా పట్టింది. ఫర్హానా మేడం వీడియో ఆపి చూపించారు. ఫౌలైన దూకు ఆ పిల్ల అంతకుముందు దూకిన అన్నిటికంటే దూరం పడింది. ఎస్తేరు ఆ బొమ్మను చాలాసేపు చూసి, కండ్లు తుడుచుకొని, "ఇంకోటి దుంకుత," అంది.

ఎంపికల రోజు బోధన్‌లో మొదటి బస్సెక్కి నిజామాబాద్ చేరాం. ఎస్తేరు, మరియమ్మ, నేను. మైదానంలో పద్ధతులన్నీ కచ్చితంగా ఉన్నాయి. పలక పక్కన కుర్చీలో జెండాలతో చీఫ్ జడ్జి, పిట్ దగ్గర టేపు పట్టేవాళ్లిద్దరు, బల్ల దగ్గర రాసుకునేవాడు. కోచ్‌లు తాడు అవతలే ఉండాలి. పోటీ జరిగే చోటికి ఫోన్ తీసుకుపోకూడదు. అది నా జేబులోనే ఉండిపోయింది, నేను తాడు వెనక ఉండిపోయాను. ఇద్దరం సమానంగా పనికిరాకుండా పోయాం. ఒక్కొక్కరికి మూడు దూకులు. ఒక సహాయకుడు డబ్బాతో వచ్చి పలక ముందు ఇసుకను నల్లగా తడిపి పోయాడు.

మొదటి దూకు. ఎర్రజెండా. ముద్ర బొటనవేలంత. నేను చప్పట్లు కొట్టాను. పక్కనున్న ఆర్మూర్ వైపు పీఈటీ నావైపు అదోలా చూశాడు.

"ఏందన్నా, ఫౌలైతె సప్పట్లు కొడుతున్నవ్? నీ పిల్లేనా, పక్కోళ్ల పిల్లనా?"

రెండో దూకు. ఎర్రజెండా భయం పట్టుకున్నట్టుంది. చివరి అడుగులు పొట్టివయ్యాయి. ఆ పొట్టి అడుగులు నాకు ఫోన్ లేకుండానే కనిపించాయి, అన్నిసార్లు చూసినవి. తెల్లజెండా. టేపు పెట్టారు. అర్హతకు జానెడు తక్కువ, పాత జానెడే. మరియమ్మ నా పక్కన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సారూ, ఇంకొక్కటే గద?"

"ఒక్కటే."

"ఏమన్న సెప్పు మరి దానికి."

చెప్పడానికి వీల్లేదు. తాడు వెనకనుంచి సూచనలిస్తే పిల్లనే తీసేస్తారు. నాకు చేతకానిది ఎప్పుడూ మాట్లాడకుండా ఉండటమే. ఆ రోజు అదే చేయాల్సి వచ్చింది.

తన వంతు పిలవకముందే ఎస్తేరు పరుగు దారి మీద ముందుకు నడిచి పలక దగ్గరికి వచ్చింది. బూటు చివర అంచుకు పెట్టి రెండుసార్లు గట్టిగా తొక్కింది. చీఫ్ జడ్జి కుర్చీలోంచి లేచాడు.

"ఏయ్ పిల్లా, పలక ఇరగ్గొడుతవా ఏంది?"

"లేద్సార్. గట్టిగున్నదా అని సూస్తున్న."

"గట్టిగనే ఉంటది. పో, నీ నంబర్ పిలుస్తున్నరు."

వెళ్లింది. చెక్ మార్క్ దగ్గర నిలబడింది. పరుగెత్తింది. చివరి అడుగులు పొట్టివి కాలేదు. కాలు పలక మీద పడ్డ చప్పుడు తాడు దాకా వినిపించింది, చెక్క చప్పుడు. ఇసుకలో దిగింది. జడ్జి వంగి తడి పట్టీని చూశాడు. ఇంకొంచెం వంగాడు. కుడి చేతిలో ఎర్రది, ఎడమ చేతిలో తెల్లది. మరియమ్మ నా మోచెయ్యి పట్టుకున్న విషయం నాకూ తెలియదు, ఆమెకూ తెలియదు.

తెల్లది లేచింది.

టేపు పెట్టారు, చదివారు, మళ్లీ చదివారు. నాలుగున్నర మీటర్లు దాటి పైన ఇంకో బెత్తెడు ఉంది. ఆర్మూర్ పీఈటీ ఈసారి తనే చప్పట్లు కొట్టాడు. మరియమ్మ ఏడవలేదు, నవ్వలేదు. "మాటిన్నది," అని మాత్రం అంది. ఎవరి మాటో చెప్పలేదు, నేనూ అడగలేదు.

సాయంత్రం జాబితాలో ఎస్తేరు పేరు ఉంది. జూన్‌లో వసతి పాఠశాలలో చేరింది. ఇప్పుడు పెద్ద పిల్లల విభాగంలో దూకుతోంది. అప్పుడప్పుడు కొత్త కోచ్ తీసిన వీడియోలు నాకు పంపుతుంది, "కాలు ఏడ వడ్డదో సూడు సార్" అని. చూసి చెబుతాను. ఇప్పుడు ఆ పిల్లకు ఎర్రజెండాలు చాలానే వస్తున్నాయి. ఆ అంచుకు అంత దగ్గరగా దూకేవాళ్లకు రావలసినవే అవి.

ఆ ఉదంతం తర్వాత పదవీ విరమణ దాకా నేను రెండు పనులు మానలేదు. ప్రతి జంపర్‌ను తడి పట్టీతోనూ పొడి పట్టీతోనూ ఫోన్‌లో తీయించాను. కాలు తప్పు చోట పడితే అరవడం మాని, అక్కడ నీకేం కనిపిస్తోందని ముందు అడిగాను. టేపు ఎంత దూకారో చెబుతుంది. ఫోన్ ఎక్కడినుంచి దూకారో చెబుతుంది. ఎందుకు అక్కడినుంచి అన్నది దూకినవాళ్లే చెప్పాలి, ఆ సంగతి అడగడం కోచ్ పని.